కర్తరిలో కత్తెర

పంచాంగం చూచే అలవాటు ఇంకా మిగిలి ఉన్న ఇళ్ళలో మే నెల వచ్చినదంటే ఒక మాట తప్పక వినబడుతుంది: "కర్తరి వచ్చినది, ఇప్పుడేమీ మొదలుపెట్టకండి". సూర్యుడు భరణి మూడవ పాదంలో ప్రవేశించిన నాడు, అనగా మే 4వ తేదీ ప్రాంతంలో, డొల్లు కర్తరి ఆరంభం. కృత్తికలోనికి వచ్చిన నాడు, ఇంచుమించు 11వ తేదీన, నిజకర్తరి. రోహిణి మొదటి పాదం దాటి 28వ తేదీ వచ్చేదాకా దాని ఏలుబడియే. ఇల్లు ఎత్తకూడదు, బావి త్రవ్వకూడదు, చెట్టు నరకకూడదు, పసిబిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించకూడదు.

కర్తరి అనగా సంస్కృతంలో కత్తెర. మన 'కత్తెర' దానికి వికృతి. ముప్పయి నాలుగేళ్ళు పిల్లలచేత ప్రకృతి వికృతుల పట్టిక వల్లె వేయించిన వాడిని. ఈ జంటను ఎన్ని వందలమార్లు నల్లబల్ల మీద వ్రాసినానో లెక్క లేదు. అయినా కర్తరిలో కత్తెర పట్టరాదన్న పెద్దల మాట, ఒక పిల్లి విషయంలో, నాకు సమయానికి గుర్తుకు రాలేదు.

ఆ పిల్లి మా అమ్మాయిది. హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజులలో కొన్నది. తెల్లని ఒళ్ళు, చప్పిడి ముక్కు, జానెడు బొచ్చు. పర్షియన్ పిల్లి అని పేరు. అమ్మాయికి పెళ్ళి అయి అమెరికా వెళ్ళిపోతూ దానిని బెజవాడలో మా వద్ద విడిచినది. మా ఆవిడ మొదట గొణిగినది, వారం తిరగకుండానే దానికి 'పాలవెల్లి' అని పేరు పెట్టినది. వినాయకుని తల మీద వ్రేలాడే పాలవెల్లి పేరును ఎలుకల శత్రువుకు పెట్టడమేమిటని నేను నవ్వితే, "వెల్లగా ఉన్నది, అంతే" అన్నది. ప్రతి సాయంకాలం దీపం పెట్టిన తరువాత వీధి అరుగు మీద కూర్చుని, పళ్ళు ఎడంగా ఉన్న ఇనుప దువ్వెనతో దానిని దువ్వేది. నేను దినపత్రిక చదువుకుంటూ ఆ దృశ్యాన్ని చూచీ చూడనట్లు ఉండేవాడిని.

ఆమె ఒక కార్తిక మాసంలో వెళ్ళిపోయినది. దువ్వెన అల్మారాలోనే ఉండిపోయినది. ఆ మరుసటి వేసవికి పాలవెల్లి చంకలలోను, పొట్ట క్రింద, చెవుల వెనుక బొచ్చు ఉండలు కట్టి, ఉండలు అట్టలై, సన్న్యాసి జడలవలె గట్టిపడినది. మే నెల. బెజవాడను తెల్లదొరలు 'బ్లేజ్‌వాడ' అన్నారని చెప్పుకుంటారు గదా, ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. పిల్లి మధ్యాహ్నం పూట స్నానాలగది గచ్చు మీద కాళ్ళు చాపుకుని నోరు తెరిచి రొప్పుతున్నది. అమ్మాయికి ఫోనులో చెప్పినాను. "నాన్నా, బొచ్చు మొత్తం తీయించెయ్యండి. ఇక్కడ వేసవిలో అందరూ చేయిస్తారు" అన్నది.

పెంపుడు జంతువులకు స్నానాలు చేయించి గోళ్ళు తీసే దుకాణమొకటి చూచుకుని, బుట్టలో పెట్టి తీసికొనిపోయినాను. అది నిజకర్తరి మూడవ నాడు. గంటన్నర తరువాత వారు నా చేతిలో పెట్టిన ప్రాణి ఏదో నాకు మొదట తెలియలేదు. తల చుట్టూ జూలు, తోక కొసన కుచ్చు, కాళ్ళకు మేజోళ్ళవలె కొంచెం బొచ్చు. మిగిలిన ఒళ్ళంతా గులాబిరంగు చర్మం. దీనిని 'సింహపు కత్తిరింపు' అంటారట. అట్టలు తీసిన చోట రెండు గాట్లు కూడా పడినవి. ఇంటికి రాగానే మా ఆవిడ మంచం క్రిందికి దూరినది. మరునాడు పొద్దుటి ఎండలో కిటికీ గట్టుమీద కాసేపు కూర్చున్నది, ఎప్పటి అలవాటే. సాయంకాలానికి వీపు ఎఱ్ఱగా కందినది. మరి రెండు రోజులు పాలు ముట్టలేదు, చేప ముట్టలేదు.

పశువైద్యుడు చూచి నాతో నిదానంగానే మాట్లాడినాడు. పిల్లి రెండు మూడు రోజులు మేత మానితే ఒంటిలోని కొవ్వు కరిగి కాలేయంలో చేరుతుందని, అప్పుడు ప్రాణం మీదికి వస్తుందని, నీళ్ళలో కలిపిన ఆహారం పిచికారీతో అయినా లోపలికి పంపాలని చెప్పినాడు. ఆ రాత్రి రెండు గంటలకొకమారు లేచి, మంచం క్రింద బోర్లా పడుకుని, ఆ పిచికారీ పట్టుకుని బ్రతిమాలినాను. ఒంటరి ఇంట్లో, అర్ధరాత్రి, అరవై యేళ్ళు దాటిన తెలుగు పండితుడు ఒక పిల్లిని "అమ్మా, తల్లీ" అని పిలవడం ఎవరైనా వింటే ఏమనుకునేవారో.

నాలుగవ నాడు తిన్నది. ఇక్కడి నుంచి నాకొక పట్టుదల పుట్టినది. చలిదేశపు ఈ బొచ్చు మా అరుగు మీదికి ఎట్లా వచ్చినది? దానికి కత్తెర పెట్టే ఆచారం ఎక్కడిది? ఆ వేసవి అంతా గ్రంథాలయంలోను, మనవడు చూపించిన తెర మీదను వెదకినాను. దొరికిన దానిలో చాలా భాగం నాకు కొత్త.

ముందు మన ఇంటి సంగతి. అమరకోశం సింహాదివర్గంలో పిల్లికి అయిదు పేర్లున్నవి: ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు. చివరి రెండూ దాని తిండిని చెప్పేవి. ఎలుకను కఱచునది, ఎలుకను తినునది. మార్జారమన్నది మాత్రం 'మృజ్' ధాతువు నుంచి వచ్చినది. తుడుచుట, శుద్ధి చేయుట దాని అర్థం. సంధ్యావందనంలో మార్జనం చేస్తాము గదా, అదే ధాతువు. తన ముఖాన్ని, ఒంటిని తానే శుద్ధి చేసుకునేది కాబట్టి మార్జారము. తెలుగులో అది మార్జాలమైనది. ఆ అయిదు పేర్లలో బొచ్చు ప్రసక్తి లేదు. ఉండవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే ఈ దేశపు పిల్లికి పొట్టి బొచ్చే. మహాభారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు ఉలూకునిచేత పాండవులకు చెప్పి పంపిన దొంగతపసి పిల్లి గాని, మహాబలిపురం శిలమీద పల్లవ శిల్పి చెక్కిన, చేతులెత్తి తపస్సు చేస్తూ కాళ్ళదగ్గర ఎలుకలను చేర్చుకున్న పిల్లి గాని, నున్నని ఒంటివే. తెనాలి రామకృష్ణుడు వేడిపాలు చూపి బెదరగొట్టిన పిల్లిని కూడా మనం ఊహలో బక్కచిక్కిన ఊరపిల్లిగానే చూస్తాము.

పిల్లి జాతికి మూలపురుషుడు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి అంచులలోని అడవిపిల్లి. సైప్రసు ద్వీపంలో మనిషి ప్రక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం బయటపడినదని 2004లో ప్రకటించినారు. అది సుమారు 9,500 ఏళ్ళ నాటిది. ఎండలో పుట్టిన జంతువు కనుక దానికి ఎండ భయం తక్కువ. ఐగుప్తు వారు దానిని దేవతకు ప్రతిరూపంగా కొలిచినారు. వారి ఇంట పిల్లి చనిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొఱిగించుకునేవారని క్రీస్తుపూర్వం అయిదవ శతాబ్దపు హెరొడోటసు వ్రాసినాడు. పిల్లి కోసం మనిషి గొఱిగించుకొన్న కాలం అది. మనిషి తన సౌకర్యం కోసం పిల్లికి గొఱిగించే కాలం రావడానికి రెండున్నర వేల ఏళ్ళు పట్టినది.

పొడుగు బొచ్చు ఎక్కడో చలి పీఠభూములలో పుట్టినది. ఒక జన్యువులో చిన్న మార్పు. వెంట్రుకకు "ఇక పెరిగినది చాలు" అని చెప్పే జన్యువు అది. అది చెడితే వెంట్రుక పెరుగుతూనే ఉంటుంది. ఆ జన్యువులో ఇటువంటి మార్పులు నాలుగున్నవని 2007లో తేల్చినారు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా చెడిన ప్రతి అందితేనే పిల్లకు పొడుగు బొచ్చు వస్తుంది. కనుక మనిషి పూనుకుని జత కట్టించకపోతే ఇది వెచ్చని దేశాలలో గుంపుగా నిలిచేది కాదు.

దీనిని గురించి విపులంగా వ్రాసిన తొలి యూరోపియనులలో ఒకడు పియెత్రో దెల్లా వల్లె అనే రోము నగరవాసి. ఆయన కథ చెప్పకుండా ముందుకు పోలేను. 1586లో పుట్టినాడు. 1614లో తీర్థయాత్ర పేరుతో ఓడ ఎక్కి, కాన్‌స్టాంటినోపులు, ఐగుప్తు, జెరూసలేము చూచి, బాగ్దాదులో మాని అనే క్రైస్తవ కన్యను 1616లో పెళ్ళాడి, ఆమెతో కలిసి పారశీకం చేరినాడు. షా అబ్బాసు కొలువు చూచినాడు. ఇస్ఫహాను నుంచి నేపుల్సులోని వైద్యమిత్రునికి ఉత్తరాలు వ్రాసేవాడు. 1620నాటి ఉత్తరంలో ఖొరాసాను పిల్లుల వర్ణన ఉన్నది. ఆకారంలో మామూలు పిల్లులేనని, అందమంతా వర్ణంలోను బొచ్చులోను ఉన్నదని, ఒళ్ళంతా చారలు లేని ఒకే బూడిదరంగు, వీపున ముదురు, రొమ్మున లేత అని, పట్టువంటి మెత్తదనమని, తోక మీది వెంట్రుకలు అయిదారు అంగుళ్ళు సాగి ఉడుత తోకవలె పరుచుకుంటుందని వ్రాసినాడు. నాలుగు జతలు సంపాదించినానని, రోముకు తీసికొనిపోవాలని ఉన్నదని కూడా చెప్పినాడు. ఆ తరువాత ఒక్క వాక్యం. చదివినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. పోర్చుగీసు వారు ఈ పిల్లులను పారశీకం నుంచి ఇండియాకు తీసికొని వెళ్ళినారట!

అనగా పదిహేడవ శతాబ్దపు తొలినాళ్ళకే పోర్చుగీసు ఓడలమీద ఈ బొచ్చుపిల్లి పడమటి తీరం చేరినది. చలికాలంలో మంచు పడే మెట్టసీమ నుంచి, ఉక్క తప్ప మరొకటి ఎరుగని రేవులకు. వాటి మొదటి వేసవి ఎట్లా గడిచినదో ఎవ్వరూ వ్రాయలేదు.

దెల్లా వల్లె తరువాతి కథ పిల్లులది కాదు, అయినా చెబుతాను. ఇస్ఫహాను విడిచి సముద్రతీరానికి వస్తుండగా, 1621 డిసెంబరు 30న మీనాబు అనే చోట భార్య మాని జ్వరంతో మరణించినది. ఆయన ఆమె శరీరాన్ని పరదేశపు మట్టిలో విడువలేక సుగంధద్రవ్యాలతో భద్రపరచి, పెట్టెలో ఉంచి, తన వెంట తీసికొని 1623లో సూరతుకు ఓడ ఎక్కినాడు. కాంబే, గోవా, ఇక్కేరి, మంగుళూరు, ఇవన్నీ ఆ పెట్టెతో ఉన్న కాలంలోనే తిరిగినవి. 1626లో రోము చేరి, మరుసటి సంవత్సరం తన వంశస్థుల సమాధి స్థలంలో ఆమెను ఉంచినాడు. నాలుగేళ్ళకు పైగా! చదువుతూ చదువుతూ పుస్తకం మూసి, చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

కాంబేలో ఆయన పక్షుల వైద్యశాల చూచినాడు. అక్కడ తల్లిలేని చిన్న ఎలుకపిల్లలను పత్తి మీద పడుకోబెట్టి, తెల్లగడ్డపు ముసలివాడొకడు కళ్ళద్దాలు పెట్టుకుని, పక్షి ఈకతో వాటి నోట పాలచుక్కలు వేస్తున్నాడట. ఖొరాసాను పిల్లులను మెచ్చుకొన్న ఆ కన్నులే ఈ దృశ్యాన్ని కూడా మెచ్చుకొన్నవి. పిచికారీ పట్టుకుని మంచం క్రింద దూరిన నాకు ఆ ముసలివాడు బాగా తెలిసినవాడివలె తోచినాడు.

ఆ కాలంలోనే ఫ్రాన్సు దక్షిణభాగంలో పెయిరెస్కు అనే విద్వాంసుడు అంకారా ప్రాంతపు బొచ్చుపిల్లులను తెప్పించి పెంచినాడు. గ్రంథాలను ఎలుకల నుంచి కాపాడుకోవడం కూడా ఆయన అక్కర. పిల్లలను మిత్రులకు కానుకగా పంపేవాడు. అంకారాను నాడు యూరపువారు అంగోరా అనేవారు. అందువలన అంగోరా పిల్లి. అదే ఊరి పేరు మేకకు, కుందేలుకు కూడా ఉన్నది. మూడూ పట్టుబొచ్చు జంతువులే.

మన దిక్కుకు ఈ పిల్లి భూమార్గాన కూడా వచ్చినది. 1808–09లో కుంపిణీ రాయబారిగా పెషావరు వెళ్ళి షా షుజాను కలిసిన ఎల్ఫిన్‌స్టన్, 1815లో ప్రచురించిన కాబూలు రాజ్య వర్ణనలో 'బురాక్' అనే పొడుగుబొచ్చు పిల్లులను పేర్కొన్నాడు. అవి పెద్ద సంఖ్యలో ఎగుమతి అవుతున్నవట. అంతటా వాటిని పర్షియన్ పిల్లులంటారు గాని, ఆ దేశంలో అవి అంతగా లేవని, అక్కడి నుంచి ఎగుమతి కావడం లేదనే చెప్పవచ్చునని వ్రాసినాడు. రెండు వందల ఏళ్ళ క్రితమే పేరుకు, ఊరికి పొంతన లేదన్నమాట. గుఱ్ఱాలతో, ఎండు ద్రాక్షలతో కనుమలు దాటి దిగివచ్చే కాబూలీ బేహారుల సరుకులలో ఈ పిల్లి ఒకటి. కాబూలు ఎత్తు సముద్రమట్టానికి 1,800 మీటర్లు. ఇస్ఫహాను సుమారు 1,600. అంకారా 900. మా బెజవాడ పాతిక మీటర్లకు అటూ ఇటూ.

లండనులో 1871 జూలై 13న స్ఫటికసౌధంలో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన జరిపినాడు. నూటయాభైకి పైగా పిల్లులు వచ్చినవి. ఆయన 1889లో వ్రాసిన పుస్తకంలో పొడుగుబొచ్చు వాటిని రష్యను, అంగోరా, పర్షియను, ఇండియను అని విభజించినాడు. ఈ చివరిది మన రేవుల నుంచి ఓడ ఎక్కిన కాబూలు పిల్లియే అయి ఉండవచ్చునని నా ఊహ. బహుమతుల పోటీలో అంగోరా వెనుకబడి, ఇంకా ఒత్తయిన బొచ్చు, ఇంకా గుండ్రని తల గల పర్షియను ముందుకు వచ్చినది. ఏటేటా బొచ్చు పెరిగినది, ముక్కు తఱిగినది. 2008లో ప్రచురితమైన జన్యుపరిశోధన ఒకటి, నేటి పర్షియను పిల్లి పారశీకపు పిల్లులకన్న పశ్చిమ యూరపు మామూలు పిల్లులకే దగ్గర చుట్టమని తేల్చినది. పాలవెల్లి ఇంటిపేరు పర్షియా, గోత్రం ఇంగ్లండు, నివాసం బెజవాడ!

ముక్కు తఱగడం చిన్న సంగతి కాదు. పిల్లికి చెమట పట్టేది పాదాల మెత్తలలో మాత్రమే. ఎండలో అది చేసేది ఒక్కటే: ఒళ్ళంతా నాకి తడిపి, ఆ తడి ఆరుతుంటే చల్లబడడం. మరీ తాళలేనప్పుడు కుక్కవలె రొప్పుతుంది. పిల్లి రొప్పడం ప్రమాదసూచన. చప్పిడి ముక్కు పిల్లికి గాలి ఆడడమూ కష్టం, నాలుక బాగా సాగించి ఒళ్ళు దువ్వుకోవడమూ కష్టం. మార్జారమని పేరు పెట్టుకుని మార్జనం చేసుకోలేని జంతువును తయారుచేసినాము. అందుకనే దానికి మనిషి దువ్వెన కావలసివచ్చినది. మా ఆవిడకు ఈ చరిత్ర ఏమీ తెలియదు. దువ్వెన మాత్రం తెలుసు.

ఇక కత్తెర చరిత్ర. అంకారా పీఠభూమిలో మేకకు ఏటా కత్తెర పడేది. మొహైరు అనే ఆ నూలు తురుష్క సామ్రాజ్యానికి పెద్ద ఆదాయం. ప్రక్కనే ఉన్న పిల్లిని దాని నాలుకకు విడిచిపెట్టినారు. తూర్పున వాన్ సరస్సు ప్రాంతపు పిల్లి అయితే కత్తెర అక్కఱ లేకుండానే వేసవిలో బొచ్చు రాల్చి, తోక ఒక్కటి తప్ప పొట్టి బొచ్చు పిల్లివలె మారిపోతుంది. ప్రకృతి తనకు తానుగా పెట్టిన కత్తెర అది. పారిసులో పాంట్ నెఫ్ వంతెన దగ్గర కుక్కల క్షురకులు ఉండేవారు. కుక్కలకు గొఱుగుదుము, పిల్లులను కోయుదుము అన్న అర్థం వచ్చే ప్రకటనలు పెట్టుకునేవారు. తొందరపడి ఇక్కడే పిల్లి క్షౌరం దొరికినదనుకున్నాను. విచారిస్తే ఆ 'కోయడం' వెంట్రుకలు కోయడం కాదు, గండుపిల్లులను నపుంసకములను చేయడం. మాట పట్టుకుని అర్థం తేల్చవద్దని పిల్లలకు చెప్పిన నేనే బోల్తా పడినాను.

మన నేలమీద కత్తెర విద్య గొఱ్ఱెల వారిది. తెలంగాణలో కురుమలు, రాయలసీమలో కురుబలు దక్కను నల్లగొఱ్ఱె బొచ్చు తీసి, వడికి, గొంగళ్ళు, కంబళ్ళు నేసినవారు. ఉద్యోగపు తొలినాళ్ళలో అనంతపురం జిల్లా పల్లెలో నేను పాఠం చెప్పిన కురుబ పిల్లవాడొకడు ఇప్పుడు బెజవాడలోనే ఉద్యోగి. ఆ వేసవి నన్ను చూడవచ్చి, పిల్లిని చూచి నొచ్చుకున్నాడు. "అయ్యవారూ, గొఱ్ఱెకైనా తోలు కనపడేటట్టు తియ్యరు. మా తాత వేలెడు మందం విడిచిపెట్టేవాడు. లేకుంటే ఎండకు తోలు పేలిపోతాది గదా" అన్నాడు. పశువైద్యుడు నాకు శాస్త్రభాషలో చెప్పిన దానికి, ఆ తాత మాటకు తేడా లేదు.

బొచ్చు రెండు పొరలు. పైన పొడుగు వెంట్రుక, లోపల దూదివంటి నూగు. ఈ రెంటి నడుమ నిలిచే గాలి చలినే కాదు, ఎండ వేడిమిని కూడా కొంత అడ్డుకొంటుంది. మనం మిట్టమధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టుకోమా? ఎండలో అది గొడుగు. తీసివేస్తే సూర్యకిరణం నేరుగా పలుచని చర్మం మీద పడుతుంది. తెల్లపిల్లులకు చెవుల మీద, ముక్కు మీద ఎండ దెబ్బ ముదిరి పుండై, కొన్నిమార్లు పుట్టకురుపుగా మారే ప్రమాదం కూడా ఉన్నది. పిల్లిని బాధించేది పొడుగు కాదు, లోపల రాలి బయటకు పోని నూగు. అది అట్టకడితే గాలి ఆడదు, నాలుక తడి లోపలికి చేరదు. ఎప్పుడూ ఇంట్లో దీపాల వెలుతురులో ఉండే పిల్లికి ఈ రాలుడు ఏడాది పొడుగునా ఉంటుంది. కనుక రోజూ దువ్వడమే అసలు వేసవి చికిత్స.

అయినా కత్తెర ఎప్పుడూ కూడదనడం కూడా మూఢత్వమే. ముసలిదై ఒళ్ళు దువ్వుకోలేనప్పుడు, అట్టలు చర్మాన్ని లాగుతున్నప్పుడు తీయించక తప్పదు. పొట్ట క్రింద, తోక క్రింద పొట్టిగా తీయిస్తే గచ్చు చల్లదనం అందుతుంది, శుభ్రంగానూ ఉంటుంది. వీపున మాత్రం అంగుళమైనా విడవాలి. అట్టను కత్తెరతో కోయబోతే పిల్లి చర్మం ముడుచుకుని ఆ ఉండలోనికే వస్తుంది. వెంట్రుకతో పాటు తోలు తెగుతుంది. పాలవెల్లికి పడిన గాట్లు అవే. చేతితో విడదీయరాని దానికి యంత్రమే శరణ్యం, అదీ చేయి తిరిగినవారి చేతిలో. ముందు నీళ్ళు పోయరాదు. తడిసి ఆరిన అట్ట ఇంకా బిగుస్తుంది. ఇవన్నీ నేను నేర్చుకున్న వరుస తలక్రిందులు. ముందు దెబ్బ, తరువాత పాఠం.

ఆ దుకాణం వారిని నేను నిందించబోను. "మొత్తం తీసెయ్యండి" అన్నది నేనే. అట్టలు కట్టనిచ్చినదీ నేనే. ఆరు నెలల దువ్వెన పని గంటన్నరలో యంత్రం చేత చేయించుకుందామనుకున్నాను. మా అమ్మాయి ఫోనులో పిల్లిని చూచి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "అమ్మ ఉంటే ఏమనేది నాన్నా?" అన్నది. "ఏమీ అనేది కాదు, దువ్వెన తీసేది" అన్నాను.

బొచ్చు పూర్తిగా రావడానికి సంక్రాంతి దాకా పట్టినది. గాట్లు పడిన చోట కొంచెం వంకరగా మొలిచినది. ఆ మరుసటి కర్తరికి పొట్ట క్రింద మాత్రమే తీయించినాను, అదీ ఏప్రిలులోనే, పశువైద్యుని ఎదుట. పగలు కిటికీకి వట్టివేళ్ళ తడిక, గచ్చు మీద తడి గోనె, మూడు చోట్ల నీళ్ళ గిన్నెలు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా మనుషులే వడగాడ్పులకు బలి అయినారు. పిల్లికి ఇంత హంగామా ఎందుకని ప్రక్కింటాయన అన్నాడు. ఆ గోనె మీద మధ్యాహ్నం నేను కూడా కాళ్ళు పెట్టుకుని కూర్చుంటానని ఆయనకు చెప్పలేదు.

సాయంకాలం దీపం పెట్టిన తరువాత అరుగు మీదికి వస్తాము. దువ్వెన ఆ పాతదే. రెండు పళ్ళు విరిగినవి, మార్చలేదు. మెడ నుంచి తోకకు, పొట్ట మీద పైకి, చెవుల వెనుక వేలితో. పావుగంట పని. గుప్పెడు నూగు వస్తుంది, ఉండగా చుట్టి గోడ ప్రక్కన ఉంచుతాను. వదిలిన వెంటనే పాలవెల్లి నాలుగడుగులు దూరంగా పోయి, నా పని మీద నమ్మకం లేనట్టు, మొదటి నుంచీ మళ్ళీ నాకడం మొదలుపెడుతుంది.